ఫ్లెక్సీ చూపుకు బుజ్జి అందదు

ఆదోనిలో అయినా, ఎమ్మిగనూరులో అయినా పెద్ద హీరో సినిమా మీద తీర్పు థియేటర్ దాకా ఆగదు. ఫస్ట్ లుక్ వచ్చిన పూటే ఫోన్లలో సగం తేలిపోతుంది, ఫ్లెక్సీ కట్టే నాటికి మిగతా సగం. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదులుకున్న ఈ ప్రాంతపు జిల్లాలను సినిమా వ్యాపారం నేటికీ ‘సీడెడ్’ అనే పిలుస్తుంది. రాజ్యాలు పోయినా ఆ పేరు డిస్ట్రిబ్యూటర్ల లెక్కల పుస్తకాల్లో బతికే ఉంది. ఆ లెక్కల్లో సీడెడ్ అభిమాని మాటకు బరువు ఎక్కువ. మీసకట్టు బాగుందా, జుట్టు నప్పిందా, నిలబడిన తీరులో దర్పం ఉందా అని ఒకే ఒక్క బొమ్మ చూసి తేల్చడంలో అతని కన్ను ఆరితేరింది. హీరో విషయంలో ఆ కన్ను పెద్దగా పొరబడదు, ఎందుకంటే ఆ మనిషి నడక, నవ్వు, గొంతు అతనికి ముందే కంఠతా వచ్చు. బొమ్మలో లేనిదంతా జ్ఞాపకంలోంచి నింపుకుంటాడు. మరమనిషి దగ్గరికొచ్చేసరికి ఆ జ్ఞాపకం ఉండదు. అయినా అదే కన్నుతో, అంతే వేగంగా తీర్పు చెబుతున్నాం. నా పేచీ అంతా దీనితోనే.

ఉదాహరణకు బుజ్జినే తీసుకుందాం. నాగ్ అశ్విన్ ‘కల్కి 2898 ఏడీ’ 2024 జూన్ 27న విడుదలైంది. అంతకు నెల ముందే, మే 22న, రామోజీ ఫిల్మ్ సిటీలో ప్రభాస్ పాత్ర భైరవ వాహనంగా బుజ్జిని జనం ముందుకు తెచ్చారు. మే 31న ‘బుజ్జి అండ్ భైరవ’ పేరుతో రెండు ఎపిసోడ్ల యానిమేషన్ సిరీస్ అమెజాన్ ప్రైమ్‌లో వచ్చింది. దాన్ని తయారుచేసింది ఛోటా భీమ్‌ను సృష్టించిన హైదరాబాద్ సంస్థ గ్రీన్ గోల్డ్. ఒక తెలుగు సినిమాలోని యంత్రపాత్ర సినిమా కంటే ముందు యానిమేషన్‌లో పరిచయం కావడం చిన్న సంగతేమీ కాదు. అయినా అభిమానుల వాదన చాలావరకు ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది: ఇది బ్యాట్‌మొబైల్‌లా ఉందా, లేదా? పోలిక ఉందన్నవాళ్లు దాన్ని నేరమన్నారు, లేదన్నవాళ్లు ముందు రెండు భారీ చక్రాలు, వెనుక ఒకే చక్రం ఉన్న ఫొటో చూపించి వాదించారు. ఇరుపక్షాలూ చూసింది ఆగి ఉన్న బండినే. కానీ కథ ప్రకారం బుజ్జి బండి కాదు. అది ఒక మెదడు, బండి దానికి దొరికిన ఒళ్లు. ఆ మెదడుకు పెద్ద ఆస్తి కీర్తి సురేశ్ గొంతు. గొంతును ఏ ఫ్లెక్సీ మీద అచ్చువేస్తాం?

కదిలే బొమ్మను కదలికలోనే చూడాలన్నది మనకు కొత్త పాఠం కాదు. పక్కనున్న అనంతపురం సీమలో, ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో, తోలుబొమ్మల కళ ఇంకా బతికే ఉంది. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలు మీద రంగులు వేసి, కీళ్ల దగ్గర ముక్కలు కలిపి కట్టిన ఆంజనేయుడిని పగటిపూట నేల మీద పరిచి చూస్తే చేతులు పొడుగనిపిస్తాయి, కన్ను ముఖానికి మించినట్టుంటుంది. తెర వెనుక దీపం వెలిగి, బొమ్మలాట మనిషి చేతిలో ఆ కీళ్లు ఆడినప్పుడు గానీ ఆ కొలతలకు కారణం తెలియదు. దూరంగా కూర్చున్న ప్రేక్షకుడికి ఆనాలి కాబట్టే కన్ను అంత పెద్దది. ఆ బొమ్మ చేసినవాళ్లు అందాన్ని వదులుకోలేదు, అందం ఏ క్షణంలో పుట్టాలో ఎరిగి చేశారు.

రూపం మార్చుకునే రోబోల కథలైన ట్రాన్స్‌ఫార్మర్స్ చరిత్ర అంతా ఈ సంగతికి సాక్ష్యమే. 1996లో ‘బీస్ట్ వార్స్’ మొదలైనప్పుడు పాత అభిమానులు భగ్గుమన్నారు. లారీగా మారే ఆప్టిమస్ ప్రైమ్ ఉండాల్సిన చోట ఆప్టిమస్ ప్రైమల్ అనే గొరిల్లా వచ్చింది. లారీ కావాలి, కోతి వద్దు అన్నది వాళ్ల నినాదమైంది. తర్వాత అదే సిరీస్‌ను కథ, పాత్రల విషయంలో ఆ పరంపరలోనే మేలైనవాటిలో ఒకటిగా ఆ అభిమానులే చెప్పుకున్నారు. 2007లో మైకేల్ బే సినిమా వచ్చినప్పుడు ఆప్టిమస్ మీద మంటల బొమ్మలెందుకు, యంత్రానికి పెదవులెందుకు అని గొడవ. మూతి చదునుగా ఉండే పాత లారీ స్థానంలో పొడుగు మూతి పీటర్‌బిల్ట్ లారీ రావడం మీదా అలిగారు. దానికి కారణం ఉంది. రోబో ఇంకా పొడుగ్గా నిలబడాలంటే విప్పుకోవడానికి లారీలో అంత ఇనుము ఉండాలి కదా! అదే ఏడాది చివర కార్టూన్ నెట్‌వర్క్‌లో ‘ట్రాన్స్‌ఫార్మర్స్ యానిమేటెడ్’ మొదలైంది. డెరిక్ వయట్ గీసిన ఆ రోబోలకు పెద్ద గడ్డాలు, సన్నని నడుములు, గుండ్రని గీతలు. మళ్లీ గగ్గోలు, కొన్నాళ్లకు మళ్లీ మెచ్చుకోలు. సినిమా ఆప్టిమస్‌లో పది వేలకు పైగా భాగాలుంటే, చేత్తో గీసే టీవీ బొమ్మకు అన్ని గీతలు మోసే స్తోమత లేదు. వేసిన ప్రతి గీతనూ ఆ తర్వాతి వేల బొమ్మల్లో మళ్లీ వేయాలి. గీత తగ్గించింది బద్ధకం వల్ల కాదు, ఆ గడ్డం కోపంతో బిగుసుకోవడానికి, ఆ భుజాలు సిగ్గుతో వాలడానికి వీలుండాలని. 2008 నాటి ‘వాల్-ఈ’కి నోరే లేదు. దర్శకుడు ఆండ్రూ స్టాంటన్‌కు బైనాక్యులర్స్ చూస్తుంటే తట్టిన రెండు కళ్లు, అంతే. దిగులంతా ఆ కళ్ల వాలులోనే ఉంది. ఛోటా భీమ్ గుండ్రని ముఖం చూసి నవ్వే పెద్దవాళ్లు ఈ లెక్కను ఇంతవరకు వేసినట్టు లేదు.

దీనికి గట్టి జవాబే ఒకటుంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. అభిమానుల గోల వల్లే కదా వీడియోగేమ్ పాత్ర సోనిక్ సినిమాలో బాగుపడింది అంటారు. నిజమే. 2019 ఏప్రిల్ చివర్లో ట్రైలర్ వచ్చింది, మనిషి పళ్లతో ఉన్న ఆ నీలి సోనిక్‌ను చూసి ప్రపంచమంతా జడుసుకుంది. రోజుల్లోనే దర్శకుడు రూపం మారుస్తామన్నాడు, నవంబరులో రావాల్సిన సినిమా 2020 ఫిబ్రవరికి జరిగింది, ఫలితం బాగుంది. అయితే జనం అక్కడ తీర్పిచ్చింది కదులుతూ మాట్లాడుతున్న పాత్ర మీద. పైగా 1991 నుంచి ఆటల్లో దాని పరుగు వాళ్లకు తెలుసు. ఇటు మన ‘ఆదిపురుష్’ చూడండి. 2022 అక్టోబర్ 2న అయోధ్యలో టీజర్ విడుదలయ్యాక కార్టూన్‌లా ఉందని దుమారం రేగింది. 2023 జనవరి నుంచి జూన్ 16కు విడుదల జరిగింది, గ్రాఫిక్స్ మళ్లీ దిద్దారు. అయినా సినిమా గట్టెక్కలేదు, విడుదలయ్యాక మాటల రాత మీదే మరో రచ్చ. అభిమాని అరిస్తే పైపూత మారుతుంది. లోపం పాత్రలోనూ మాటల్లోనూ ఉంటే ఆ అరుపు అక్కడిదాకా చేరదు. కాబట్టి అరవొద్దని నేననడం లేదు, ఏం చూసి అరుస్తున్నామో తేల్చుకోమంటున్నాను.

ఇదంతా బొమ్మలు అమ్ముకోవడానికే, ఇందులో కళ ఎక్కడిదనేవాళ్లకు కూడా ఆధారం ఉంది. ట్రాన్స్‌ఫార్మర్స్‌లో ముందు పుట్టింది జపాన్ టకారా కంపెనీ బొమ్మలు. అమెరికా హాస్‌బ్రో వాటిని తెచ్చి 1984లో కథ తగిలించింది. బుజ్జి వెనకా ప్రచార లెక్క లేకపోలేదు. మహీంద్రా, కోయంబత్తూరు జయెమ్ ఇంజినీర్ల సాయంతో దాదాపు ఆరు టన్నుల అసలు బండినే తయారుచేయించి ఊరూరా తిప్పారు. రోడ్డు మీద నిజంగా కదలాల్సిన ఆ బండి కొలతలకు యానిమేషన్ బుజ్జి కట్టుబడాల్సి వచ్చింది, అది నిర్బంధమే. కానీ యానిమేషన్ మరో పని చేయగలిగింది. ఒళ్లు లేని మెదడు ఒళ్లు కోసం పడే ఆరాటాన్ని కథగా చెప్పి, ఆ రూపానికి ఒక కారణం ఇచ్చింది. సినిమా మొదటి సగంలో బుజ్జి, భైరవల మాటల సరదా సాగిందని విసుక్కున్నవాళ్లు చాలామందే ఉన్నారు, ఆ విసుగులో న్యాయం ఉంది. అది రూపం మీద ఫిర్యాదు కాదు, రాత మీద ఫిర్యాదు. ఆ రెండింటినీ కలిపేసి ‘డిజైన్ బాగాలేదు’ అనేయడం వల్ల రాసినవాళ్లు తప్పించుకుంటున్నారు, గీసినవాళ్లు తిట్లు తింటున్నారు.

కోసిగి, కౌతాళం పల్లెల నుంచి కుటుంబాలకు కుటుంబాలు పిల్లలతో సహా సుగ్గికి, అంటే కూలి వలసకు, గుంటూరు మిరప చేలకు పోతుంటే రోబో మూతి గురించి కాలమా అని అడిగితే కోపం రాదు. వలస మీద రాయాల్సింది చాలా ఉంది, ఈ వ్యాసం దానికి అడ్డం రాదు. అయితే ఆ పిల్లల చేతిలోని ఫోన్‌లోనూ ఈ బొమ్మలే ఆడుతున్నాయి. ఎలాంటి బొమ్మ చూస్తున్నారన్నది వాళ్ల విషయం కూడా.

ఆదోని, ఎమ్మిగనూరు అభిమాన సంఘాలకు నా విన్నపం ఇది. ‘కల్కి’ రెండో భాగం వస్తుంది, బుజ్జి కొత్త బొమ్మలూ వస్తాయి. ఫస్ట్ లుక్ రోజున హీరో ఫ్లెక్సీ మీ ఇష్టం, పాలాభిషేకమూ మీ ఇష్టమే. బుజ్జి మీద మాత్రం అది కదిలి, మాట్లాడి, ఒక్క సన్నివేశమైనా నడిపించేదాకా తీర్పు ఆపండి. అప్పుడు నచ్చకపోతే ఎక్కడ నచ్చలేదో, చక్రం దగ్గరో మాట దగ్గరో, పేరుపెట్టి గట్టిగా అడగండి.