హై జాలీ అసలు పేరు

గత శీతాకాలపు సెలవులలో రెండు రాత్రుల ప్రయాణానికై మేము ఒక ఆర్‌వీని అద్దెకు తీసుకొన్నాము. వంటగది, పడకలు, స్నానపు గది అన్నీ లోపలే ఉండే ఈ వాహనంలో హలాల్ భోజనం కోసం దారి పొడవునా వెదుక్కోనక్కరలేదు. మేముండే ఫీనిక్స్ నుండి పడమరగా సుమారు 200 కిలోమీటర్లు వెళితే క్వార్ట్జ్‌సైట్ వస్తుంది. అరిజోనా ఎడారిలో రహదారి ప్రక్కనున్న చిన్న ఊరు. చలికాలంలో మాత్రం ఆర్‌వీలతో నిండిపోతుంది.

ఊరి వెలుపలి బయలులో కుళాయి లేదు. ఉన్నదల్లా బండి తొట్టిలోని నీరే. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) వారు ఒక ముద్ నీటితో, అనగా లీటరుకన్నా తక్కువతో, వుజూ చేసేవారని పిల్లలకు ఎన్నిసార్లో చెప్పాము. ఇంట్లో కుళాయి విప్పి మేమే ఆ మాట మరచేవాళ్లము. ఇక్కడ చెంబు పట్టక తప్పలేదు. ప్రయాణికులము గనుక జుహర్, అసర్, ఇషా నమాజులను ఖస్ర్ చేసి రెండేసి రకాతులు చదివాము. కర్నూలులో పడమరకు నిలబడి పెరిగిన మాకు, ఇక్కడి ఖిబ్లా ఈశాన్యంగా, ఉత్తరానికే దగ్గరగా ఉండడం నేటికీ వింతే.

మరునాడు ఊరి శ్మశానానికి వెళ్లాము. అక్కడ రాళ్లతో పేర్చిన చిన్న పిరమిడ్ ఉన్నది. దాని కొనపై రాగి ఒంటె. అది హాజీ అలీ గారి సమాధి. నీరు దొరకని నైరుతి ప్రాంతంలో సరకుల రవాణాకు ఒంటెలను తెప్పించాలని 1855లో అమెరికా ప్రభుత్వం 30,000 డాలర్లు కేటాయించింది. వాటిని నడుపుటకు 1856లో టెక్సాస్ రేవులో దిగినవారిలో ఈయన ఒకరు. 1857లో బీల్ అనే అధికారి అరిజోనా మీదుగా కొలరాడో నది వరకు బండ్ల బాట వేసినప్పుడు ఒంటెలను నడిపినదీ ఆయనే. ప్రసిద్ధమైన 66వ నంబరు రహదారి తరువాత చాలా మేరకు ఆ బాట వెంబడే సాగింది. అంతర్యుద్ధం రావడంతో ఒంటెల పథకం మూలపడినది. ఆయన సైన్యానికి దారులు చూపుతూ, గనులు వెదుకుతూ బ్రతికి 1902లో ఈ ఊరిలోనే కన్నుమూశారు. సమాధులపై కట్టడాలు కూడదని మనకు తెలుసు. అయితే దీనిని 1930లలో కట్టించినది రహదారుల శాఖ, ఆయన కాదు.

మేము సలాం చెప్పి, ఆయన మన్నింపుకై దుఆ చేశాము. మా పదకొండేళ్ల జకరియా ఫలకాన్ని చదివి అడిగాడు: "అబ్బా, ఇక్కడ హై జాలీ అని ఉందేమిటి?"

"వాళ్ల నోరు తిరగలేదు బేటా. హాజీ అలీ అలా మారిపోయింది."

1880లో పౌరసత్వం తీసుకొన్నప్పుడు ఆయన ఫిలిప్ టెడ్రో అని వ్రాయించుకొన్నారనీ చెప్పాము.

"ఆయనకు కోపం రాలేదా?"

మావద్ద జవాబు లేకపోయింది. బడిలో మా వాడిని అందరూ జాక్ అంటారు. మూడవ తరగతిలో ఉపాధ్యాయురాలు అలా పిలువవచ్చునా అని అడిగితే, సరేనని తల ఊపినది మేమే. అప్పుడు వాడిని అడగాలన్న తలపే మాకు రాలేదు.

తిరుగు దారిలో వాడు చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. బడికి ఉత్తరం వ్రాయాలనుకొన్నాము. ఈసారి ముందు వాడిని అడిగి.