డాక్టరొక్కరే చాలరు

పల్లెకు డాక్టరు వస్తే తప్ప ఆరోగ్యం బాగుపడదన్న మీ గత సంచిక వ్యాసంతో ఏకీభవించలేను. 1970లో మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో వైద్యులైన అరోలే దంపతులు పని మొదలుపెట్టాక, తమ ఆరోగ్య కార్యకర్తలను ఊళ్లే ఎంచుకున్నాయి. వారిలో చాలామంది చదువురాని ఆడవాళ్లు, దళితులు. కాన్పులు చూడటం, విరేచనాలైన పిల్లలకు ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు పట్టడం వాళ్లే నేర్చుకున్నారు. అదే రాష్ట్రంలోని గడ్చిరోలిలో శిక్షణ పొందిన పల్లె మహిళలు పసికందులను ఇంటి దగ్గరే కనిపెట్టుకుంటే, మూడో ఏటికి నవజాత శిశు మరణాలు ఇతర గ్రామాలతో పోల్చి చూస్తే నికరంగా 62 శాతం తగ్గినట్టు తేలింది. 1999లో వైద్య పత్రిక లాన్సెట్ ప్రచురించిన ఫలితమది. పుట్టిన రెండో రాత్రే ఒళ్లు చల్లబడే బిడ్డకు మండల కేంద్రంలోని డాక్టరు ఏ మేరకు అందుతాడు?

ఇదంతా ప్రభుత్వం చేతులు దులుపుకోవడానికి సాకు అవుతుందంటారా? ఆ భయం అబద్ధం కాదు. ఆశా కార్యకర్తలను నేటికీ ఉద్యోగులుగా కాక స్వచ్ఛంద సేవకులుగానే లెక్కిస్తున్నారు. అయితే జామ్‌ఖేడ్‌లోనూ ఆసుపత్రి ఉంది. ఊళ్లో నయం కాని జబ్బులున్నవారు అక్కడికే వెళ్లేవారు. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదని అక్కడెవరూ అనలేదు. డాక్టర్ల ఖాళీలను ఏకరువు పెట్టిన వ్యాసకర్త ఆశాల వేతనం ఊసైనా ఎత్తలేదేం?

— ఒక పాఠకురాలు, నల్లగొండ