మగ్గు నీళ్లకు సరిపోయే రేజర్

ఇంటర్వ్యూ కాల్ రాగానే మనవాళ్లు చేసే పనులు మూడు. రెజ్యూమె ప్రింట్ తీయించడం, చొక్కా ఇస్త్రీకి ఇవ్వడం, గడ్డం గీసుకోవడం. మొదటి రెండిటికీ ఎంతవుతుందో ఎవరినడిగినా ఠక్కున చెబుతారు. మూడోదానికి ఏడాదికి ఎంతవుతోందని అడిగితే మాత్రం చాలామంది దగ్గర లెక్క ఉండదు.

కర్నూలులోనో కడపలోనో డిగ్రీ, బీటెక్ ముగించి, ఇంటి నుంచి వచ్చే డబ్బుతో రూమ్‌లో ఉంటూ నోటిఫికేషన్ల కోసం ఎదురుచూసేవాళ్లకు ఇది తెలియాల్సిన లెక్కే. నా సలహా సూటిగా చెప్పేస్తా. ఉద్యోగం వెతుక్కునే ఈ ఏడాది, రెండేళ్లూ ఖరీదైన కార్ట్రిడ్జ్ రేజర్‌ను పక్కన పెట్టండి. మన నాన్నలు, తాతలు వాడిన సేఫ్టీ రేజర్‌కు మారండి. అదే, రెండు వైపులా పదునుండే బ్లేడు, తిప్పి బిగించే లోహపు పిడి, పక్కన బ్రష్, సబ్బు. డబ్బు మిగులుతుంది, మన నీళ్లకు సరిపోతుంది, నాలుగేళ్లు చదివిన చదువు కూడా కాస్త చేతికి అందుతుంది.

ముందు లెక్క

ధరలు ఊరిని బట్టి, బ్రాండును బట్టి మారతాయి. కాబట్టి కింద నేను వేసినవి అనుకున్న అంకెలే. మీ వీధి చివరి కొట్లో అడిగి మీ అంకెలు మీరు వేసుకోండి.

వారానికి మూడుసార్లు గీసుకుంటే ఏడాదికి 156 సార్లు. ఒక కార్ట్రిడ్జ్ 150 రూపాయలు, అది పదిసార్లకు వస్తుందనుకుందాం. ఏడాదికి 16 కావాలి, అంటే 2,400 రూపాయలు. డబుల్ ఎడ్జ్ బ్లేడు 3 రూపాయలు, నాలుగుసార్లకు వస్తుందనుకుందాం. 39 బ్లేడ్లు, 117 రూపాయలు. రేజర్‌కు 400 పెట్టినా మొదటి ఏడాది మొత్తం 517. రెండో ఏడాది నుంచి 117 మాత్రమే.

మొదటి ఏడాదిలోనే 1,883 రూపాయలు మిగిలాయి. ఇదీ ఒక డబ్బేనా అని జీతం వచ్చేవాడు అనొచ్చు. రాబడి సున్నా ఉన్నవాడికి అది ఒకటో రెండో పోటీ పరీక్షల ఫీజు, లేదా హైదరాబాద్‌కు వెళ్లొచ్చే చార్జీ. ఇంటికి ఫోన్ చేసి అడగాల్సిన పని ఒకసారి తప్పుతుంది. ఆ ఒక్క ఫోన్ తప్పడం ఎంత పెద్ద విషయమో రూమ్‌లో ఉండేవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. కార్ట్రిడ్జ్‌లన్నీ ఖరీదైనవి కావు. ఒకే బ్లేడుండే చవక రకాలూ దొరుకుతాయి. మీ లెక్కలో అదే తక్కువ తేలితే అదే వాడండి. బ్రాండు మీద ప్రేమ వద్దు, కోపమూ వద్దు. ఒక్కసారి గీసుకోవడానికి ఎంత పడుతోందన్నదే ప్రశ్న.

పిడి కొంటే పనైపోదు

ఈ రేజర్ వెనక ఉన్న కథ ఉద్యోగార్థులకు పనికొస్తుంది. కింగ్ జిల్లెట్ అనే అమెరికన్ సేల్స్‌మన్‌కు వాడి పారేసే సన్నటి బ్లేడు ఆలోచన 1895లో వచ్చింది. కానీ రేకులాంటి పల్చటి ఉక్కును పదును నిలిచేలా గట్టిపరచడం ఎలాగో తెలియక ఏళ్ల తరబడి పని ముందుకు సాగలేదు. ఎంఐటీలో చదివిన విలియం నికర్సన్ అనే ఇంజినీరు ఆ చిక్కు విడదీశాడు. 1903లో అమ్మకం మొదలైతే ఆ ఏడాది పోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. 1904లో పేటెంట్ వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రభుత్వమే సైనికులకు రేజర్లు ఇవ్వడంతో ఇంట్లో ఎవరికి వారు గీసుకునే అలవాటు పాకిపోయింది.

పిడి చవకగా ఇచ్చి బ్లేడ్ల మీద సంపాదించడం జిల్లెట్ మొదటి రోజు నుంచీ పాటించిన సూత్రమని వ్యాపార పాఠాల్లో చెబుతుంటారు. చికాగో విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం బోధించే రాండల్ పికర్ పాత ధరలు తిరగేస్తే కథ వేరేలా తేలింది. పేటెంట్ ఉన్నన్నాళ్లూ పిడిని 5 డాలర్లకు, అంటే ఆ రోజులకు గట్టి ధరకే అమ్మారు. 1921లో ఆ పేటెంట్ల గడువు ముగిసి, పోటీదారులు దిగాకే చవక పిడి వచ్చింది.

ఆ గడువు ముగిసినందుకు మేలు పొందుతున్నది మనం. డబుల్ ఎడ్జ్ బ్లేడు కొలత అందరి సొత్తయింది. టోపాజ్ కొన్నా, 7 ఓ క్లాక్ కొన్నా, విల్కిన్సన్ కొన్నా అదే రేజర్‌లో పడుతుంది. తాత ట్రంకు పెట్టెలో ఉన్న రేజర్‌లోనూ పడుతుంది. అదే 1971లో వచ్చిన రెండు బ్లేడ్ల ట్రాక్ టూ, 1998 నాటి మూడు బ్లేడ్ల మాక్ 3, 2006 నాటి అయిదు బ్లేడ్ల ఫ్యూజన్ చూడండి. కొత్త తరం వచ్చినప్పుడల్లా కొత్త పేటెంట్లు. ఒక కంపెనీ పిడికి ఇంకో కంపెనీ తల మామూలుగా పట్టదు. టైప్-సి చార్జర్ ఎవరిదైనా మన ఫోన్‌కు పనిచేస్తే ఎంత హాయిగా ఉంటుందో, డబుల్ ఎడ్జ్ బ్లేడు అలాంటిది.

ఉద్యోగ వేటలో ఇలాంటి పిడులు చాలా ఎదురవుతాయి. ఉచిత డెమో క్లాసు, మొదటి నెల ఫ్రీ అనే యాప్, ప్రింటర్ చవక, ఇంకు ఖరీదు. ఏది తీసుకునే ముందైనా ఒక్కటి అడగండి: దీని తర్వాత నేను మళ్లీమళ్లీ ఏం కొనాలి? ఎవరి దగ్గర కొనాలి? ఈ రెండు ప్రశ్నలు అలవాటైతే రేపు కంపెనీలో మీరు సాఫ్ట్‌వేర్ ఎంపిక చేసే రోజున కూడా అక్కరకొస్తాయి.

ఎంఐటీ విద్యార్థులకు కనిపించని చెంబు

2002లో జిల్లెట్ మన దేశం కోసం వెక్టర్ అనే రేజర్ తెచ్చింది. బ్లేడ్ల మధ్య ఇరుక్కునే వెంట్రుకలను బయటికి నెట్టడానికి అందులో ఒక ప్లాస్టిక్ పట్టీ పెట్టింది. అమెరికాలో ఎంఐటీలో చదువుకుంటున్న భారతీయ విద్యార్థుల చేత వాడించి చూస్తే, చాలా బాగుందన్నారు. ఇక్కడికొచ్చాక జనం పెదవి విరిచారు. ఎందుకంటే ఆ విద్యార్థుల గదుల్లో కొళాయి తిప్పితే ధారగా నీళ్లు. ఇక్కడ ఎన్నో ఇళ్లలో గడ్డం గీసుకునేది ఒక చెంబెడు నీళ్లు ముందు పెట్టుకుని. కదలని నీళ్లలో ముంచితే ఇరుకు సందుల్లోని వెంట్రుకలు వదల్లేదు.

2005లో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ జిల్లెట్‌ను కొనేసింది. తర్వాత వాళ్ల బృందాలు మన ఇళ్లకే వచ్చి, వెయ్యి మందికి పైగా వినియోగదారులతో గడిపి, ఎలా గీసుకుంటారో దగ్గరుండి చూశాయి. కింద కూర్చుని, చిన్న అద్దం దేనికో ఆనించి, చాలీచాలని వెలుతురులో గీసుకోవడం చూశాకే డిజైన్ మారింది. 2010లో జిల్లెట్ గార్డ్ వచ్చింది. ఒకే బ్లేడు, తక్కువ భాగాలు, తేలిగ్గా కడిగేందుకు వీలైన తల. అప్పటి ధర రేజర్ 15 రూపాయలు, కార్ట్రిడ్జ్ 5 రూపాయలు.

ఈ కథ సీమ పిల్లలకు ప్రత్యేకంగా పనికొస్తుంది. కర్నూలులో తుంగభద్ర, హంద్రీ కలుస్తాయి. పందొమ్మిదో శతాబ్దంలోనే సుంకేసుల నుంచి కడప వైపు కేసీ కాలువ తవ్వారు. అయినా వేసవిలో ట్యాంకర్ కోసం బిందెలు వరసలో పెట్టడం మనకు కొత్త కాదు. వెక్టర్‌ను ముందే ఎమ్మిగనూరులోనో జమ్మలమడుగులోనో ఒక ఇంట్లో చూపించి ఉంటే, ‘దీన్ని కడిగేదానికి ఇన్ని నీళ్లు యాడ తెచ్చేది నాయనా’ అని ఒక్క మాటలో తేల్చేవారు.

‘మేము చిన్న ఊరి నుంచి వచ్చాం, మా దగ్గర చెప్పుకోడానికి ఏముంది’ అని ఇంటర్వ్యూ ముందు కుంగిపోయేవాళ్లను చూస్తుంటా. మీ దగ్గర ఆ చెంబు ఉంది. కరెంటు పోతే ఏం ఆగుతుందో, నెట్ నిదానంగా ఉంటే ఏ యాప్ మొండికేస్తుందో, నీళ్లు లేకపోతే ఏ వస్తువు పనికిరాదో మీకు తెలుసు. పెద్ద కంపెనీ దేశాలు దాటి వచ్చి నేర్చుకున్న విషయం అది. ప్రాజెక్టు గురించి చెప్పేటప్పుడు ఆ ఎరుకను దాచుకోకండి.

సేఫ్టీ రేజర్ కూడా చెంబు కాలానికి చెందిన పరికరమే. ఉన్నది ఒకే బ్లేడు, సందు విశాలం. మగ్గులో రెండుసార్లు ఆడిస్తే శుభ్రమవుతుంది. మరీ పట్టేస్తే పిడి తిప్పి విప్పి కడిగేయొచ్చు.

నురగ రాకపోతే తప్పు సబ్బుది కాదు

మారినవాళ్లు మొదట చెప్పే ఫిర్యాదు: బ్రష్ ఎంత తిప్పినా నురగ రావట్లేదు. కారణం మన కాళ్ల కిందే ఉంది. ఇళ్లలో పరిచే కడప బండలు సున్నపురాయి. ఇలాంటి రాళ్ల గుండా వచ్చే బోరు నీళ్లలో కాల్షియం ఎక్కువగా ఉంటుంది. మొదటి ఏడాది కెమిస్ట్రీలో చదివిన కఠిన జలం, మన వాడుకలో ఉప్పు నీళ్లు. కాల్షియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టు కడుతుంది తప్ప నురగ కట్టదు.

పరిష్కారమూ ఆ పాఠంలోనే ఉంది. బైకార్బొనేట్ల వల్ల వచ్చే కఠినత్వం మరిగిస్తే తగ్గుతుంది. నీళ్లు మరిగించి, చల్లార్చి, పైన తేరుకున్నవి వాడండి. లేదంటే నురగ వరకు క్యాన్ నీళ్లు అర గ్లాసు చాలు. ముఖం, రేజర్ కడగడానికి బోరు నీళ్లే సరిపోతాయి.

వెంట్రుక బాగా నానాలి. స్నానం అయ్యాక గీసుకుంటే మేలు. ఎంఐటీ పరిశోధకులు 2020లో సైన్స్ పత్రికలో ఒక ఆసక్తికరమైన విషయం ప్రచురించారు. వెంట్రుక ఉక్కు కంటే దాదాపు 50 రెట్లు మెత్తన. అయినా అది వంగి ఒక కోణంలో తగిలితే, ఉక్కు నిర్మాణం ఒకేలా లేని చోట బ్లేడు అంచు పెచ్చులూడుతుంది. బ్లేడు మొద్దుబారడం అంటే అరిగిపోవడం మాత్రమే కాదన్నమాట. మెకానికల్, మెటలర్జీ వాళ్లకు సెమినార్ టాపిక్ రోజూ చేతిలోనే ఉంది.

మారే ముందు గుర్తుంచుకోండి

ఇంటర్వ్యూ రేపు పెట్టుకుని ఈరోజు మారకండి. చేయి కుదరడానికి రెండు మూడు వారాలు పడుతుంది. సెలవుల్లో మొదలుపెట్టండి.

రేజర్ బరువుతోనే తెగనివ్వండి, నొక్కకండి. చర్మానికి దాదాపు 30 డిగ్రీల కోణంలో, చిన్న చిన్న గీతలుగా, వెంట్రుక పెరిగే దిశలోనే లాగండి. ఇంకా నున్నగా కావాలంటే మళ్లీ నురగ రాసి రెండోసారి. ఎదురు దిశ జోలికి మొదట్లో వెళ్లొద్దు. చివర్లో చల్లటి నీళ్లు, పటిక ముక్క. మొటిమలు ఎక్కువగా ఉన్నా, గీసుకున్న చోట గడ్డలు లేస్తున్నా ముందు చర్మ వైద్యుడికి చూపించండి.

రూమ్‌మేట్ బ్లేడు వాడొద్దు, మీది ఇవ్వొద్దు. రక్తం ద్వారా పాకే జబ్బులతో ఆటలొద్దు. సెలూన్‌లో కూడా కొత్త బ్లేడు వేయమని అడగడం మీ హక్కు.

వాడేసిన బ్లేడును చెత్త కవర్లో పడేయకండి. దాన్ని చేత్తో ఎత్తేది ఒక పారిశుద్ధ్య కార్మికుడు. మూతకు సన్నటి గాటు పెట్టిన పాత డబ్బా ఒకటి ఉంచుకుని అందులో వేస్తూ పోండి. విమాన ప్రయాణం ఉంటే బ్లేడ్లు చేతి సంచిలో ఉంచొద్దు, అనుమతించరు.

ఇక గడ్డం తీస్తేనే ఉద్యోగం వస్తుందా అంటే, కాదు. శుభ్రంగా కత్తిరించిన గడ్డంతో చేరి పనిచేస్తున్నవాళ్లు ఎందరో. గడ్డం ఉంచుకోవడం మీ ఇష్టం, కొన్నిసార్లు మీ విశ్వాసం. అమ్మాయిలకు ‘ప్రెజెంటబుల్’ పేరుతో చెప్పే ఖర్చులు ఇంతకంటే ఎక్కువ. వాళ్లూ ప్రతి వస్తువుకూ ఇదే లెక్క వేసి చూడాలి. బోర్డు ముందు కూర్చున్నాక మాట్లాడేది మీ చదువే.

ఆ చదువు తీరిగ్గా సాగాలంటే చేతిలో కాస్త డబ్బు ఆడాలి. ఈ ఆదివారం ఒక కాగితం తీసుకుని, నెలనెలా మళ్లీమళ్లీ కొంటున్న వస్తువులన్నీ రాయండి. పక్కన ఏడాది ఖర్చు వేయండి. రేజర్‌తో మొదలుపెట్టమంటున్నది అది అన్నిటికంటే పెద్దదని కాదు, రేపటి నుంచే మార్చగలిగింది కాబట్టి.