చలికి బ్రాండు తెలియదు

థ్యాంక్స్‌గివింగ్ సేల్ మొదలైందంటే చాలు, అమెరికాలో మనవాళ్ల మధ్య ఒకటే మాట... "జాకెట్ ఏది కొన్నావ్? ఎంత పడింది?" అని. వెచ్చగా ఉందా అని అడిగేవాళ్లు తక్కువ, ఛాతీ మీద ఏ కంపెనీ గుర్తు ఉందో చూసేవాళ్లు ఎక్కువ. నాలుగైదు వందల డాలర్లు పోసి కొన్న కోటు కింద కాటన్ టీషర్టు, జీన్స్ ప్యాంటు, ఆఫీసు సాక్సులు వేసుకుని న్యూజెర్సీ నుంచి పొకొనోస్ కొండలకు స్కీయింగ్‌కి బయలుదేరే కుర్రాళ్లు ప్రతి ఏడూ కనిపిస్తారు. మధ్యాహ్నానికల్లా సగం మంది లాడ్జిలో హీటర్ పక్కన చేరి వణుకుతుంటారు. తప్పు కోటుది కాదు. ఒక్క కోటు చాలనుకోవడమే తప్పు.

మన దగ్గర లంబసింగి, ఆదిలాబాద్ లాంటి చోట్ల తప్పిస్తే చలికాలం అంటే ఒక స్వెట్టరు, తలకు మంకీక్యాప్, రాత్రికి రగ్గు. ఒక్క బట్టతో పని జరిగిపోతుంది. ఆ అలవాటునే సూట్‌కేసులో సర్దుకుని ఇక్కడికి వచ్చాం. ఇక్కడి లెక్క వేరు. చలి ఒక్కటే కాదు, దానికి గాలి, తడి తోడవుతాయి. ఈ మూడింటినీ ఒకే బట్ట ఆపలేదు. అందుకే పొరలు కావాలి.

అసలు ఒంటిని వెచ్చగా ఉంచేది బట్ట కాదు, బట్టలో చిక్కుకున్న గాలి. ఆ గాలిని పొడిగా, కదలకుండా ఉంచడమే పొరల పని. ఒంటికి అంటుకుని ఉండే మొదటి పొర చెమటను పీల్చి బయటికి పంపాలి. దానికి మెరినో ఉన్ని గానీ పాలిస్టర్ థర్మల్స్ గానీ వాడాలి. రెండో పొర వేడిని పట్టి ఉంచాలి. ఫ్లీస్ గానీ ఈకల జాకెట్ గానీ సరిపోతుంది. మూడోది షెల్. గాలిని, నీటిని ఆపుతూ లోపలి ఆవిరిని బయటికి వదిలేది. వేడెక్కితే ఒకటి విప్పెయ్యొచ్చు, చలేస్తే మళ్లీ తొడుక్కోవచ్చు. ఒక్క లావు కోటుతో ఆ వీలు లేదు. వేసుకుంటే చెమట, తీస్తే వణుకు.

కాటన్ మన ఎండలకు ప్రాణం, ఇక్కడి మంచులో మాత్రం శత్రువు. చెమటను పీల్చుకుని అలాగే తడిగా ఒంటిని పట్టుకుంటుంది. నీరు గాలికన్నా సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. పైన ఎంత ఖరీదైన కోటున్నా లోపల తడి బనీనుంటే అంతే సంగతులు.

ఈ మాట మనకు కొత్తేమీ కాదు. తెలంగాణ పల్లెల్లో గొర్రెల కాపరులు వానలో, చలిలో గొంగడి కప్పుకునే తిరిగారు. నూలు దుప్పటి కప్పుకోలేదు. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం నిలుపుకుంటుందని ఏ లేబులూ చదవకుండానే వాళ్లకు తెలుసు. మనం మాత్రం పెద్ద చదువులు చదివి, జీన్స్ ప్యాంటుతో మంచుకొండ ఎక్కుతున్నాం!

స్కీయింగ్ దగ్గర మరో విషయం. లిఫ్ట్ మీద కదలకుండా కూర్చుని పైకి వెళ్లేటప్పుడు చలి, కిందికి దిగేటప్పుడు చెమట. చంకల కింద జిప్పులున్న జాకెట్ అయితే గాలి ఆడుతుంది. ఇంకా ముఖ్యం, మొదటిసారి వెళ్లేవాళ్లు స్కీ చేసేదానికన్నా పడేదే ఎక్కువ. అప్పుడు తడిసేది వీపు కాదు, పిరుదులు, మోకాళ్లు, చేతులు. కాబట్టి నన్నడిగితే జాకెట్ కన్నా ముందు నీరు చొరబడని ప్యాంటు, మంచి గ్లోవ్స్ చూసుకోవాలి. ఏడాదికి ఒక్కసారి వెళ్లేవాళ్లు కొననక్కర్లేదు. స్కీలు, హెల్మెట్ మాత్రమే కాదు, చాలాచోట్ల బట్టలు కూడా అద్దెకిస్తారు.

కొనేవాళ్లు లేబుల్ మీద అంకెలు చూడండి. 10,000 మిల్లీమీటర్లు అని ఉంటే మామూలు మంచుకు చాలు. తడి మంచులో రోజంతా ఉండేవాళ్లకు 20,000 మేలు. ఈకల జాకెట్ మీద 600, 700, 800 అని రాసేది ఫిల్ పవర్. అది పెరిగేకొద్దీ తక్కువ బరువుకే ఎక్కువ వెచ్చదనం వస్తుంది. కానీ ఈకలు తడిస్తే ముద్దయిపోతాయి. చెమట పట్టేచోట, వాన కలిసిన మంచు పడేచోట సింథటిక్ జాకెట్టే నయం.

"రోజూ కార్లోనే కదా, గ్యారేజీ నుంచి గ్యారేజీకి. ఇదంతా ఎందుకు?" అనేవాళ్లున్నారు. 2022 జనవరి 3న వర్జీనియాలో ఐ-95 హైవే మంచుతో మూసుకుపోయింది. వందల కార్లు రాత్రంతా చలిలో ఇరుక్కుపోయాయి. సెనేటర్ టిమ్ కెయిన్ కూడా 27 గంటలు ఆ దారిలోనే చిక్కుబడ్డారు. కార్లో ఒక రగ్గు, టోపీ, గ్లోవ్స్, మంచినీళ్లు ఉంచుకోవడానికి ఎంత ఖర్చవుతుంది?

సున్నా డిగ్రీల ఫారెన్‌హీట్ చలిలో గంటకు 15 మైళ్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 19లా తగులుతుంది. కప్పుకోని చర్మం అరగంటలో గడ్డకట్టొచ్చు. వేళ్లు తెల్లబడి మొద్దుబారితే రుద్దకండి. లోపలికి వెళ్లి గోరువెచ్చని నీళ్లలో పెట్టండి. మనిషి మాట తడబడుతున్నా, అడుగు తూలుతున్నా తాగాడేమో అని నవ్వుకోవద్దు. ఒంటి వేడి 95 డిగ్రీల కిందికి పడిపోతే అలాగే ఉంటుంది. వెంటనే 911కి ఫోన్ చేయాలి. "ఓ పెగ్గు వేస్తే వేడెక్కుతుంది" అన్నది ఉత్త మాట. మందు చర్మానికి రక్తం పంపి వేడిగా అనిపిస్తుందంతే, లోపలి వేడిని పోగొడుతుంది.

ఇంకో మాట కష్టమైనా చెప్పుకోవాలి. 2022 డిసెంబర్ 26న అరిజోనాలోని వుడ్స్ కాన్యన్ లేక్‌లో గడ్డకట్టిన నీటి మీద మంచు విరిగి మనవాళ్లు ముగ్గురు చనిపోయారు. ఎంత మంచి జాకెట్టూ ఆ నీటిలో కాపాడలేదు. గట్టిగా కనబడే మంచు మోస్తుందని నమ్మొద్దు. ఫొటో కోసం అసలే వద్దు.

పిల్లల విషయంలో పొరపాటు ఎక్కువ జరిగేది కారు సీటు దగ్గర. లావు కోటు తొడిగి బెల్టు బిగిస్తే బిగువుగా ఉన్నట్టే అనిపిస్తుంది. ప్రమాదంలో కోటు నలిగి బెల్టు వదులవుతుంది. కోటు తీసి బెల్టు పెట్టండి, పైన దుప్పటి కప్పండి. సంక్రాంతి సంబరాలకు పట్టుచీర, చెప్పులతో పార్కింగ్ లాట్ దాటే అక్కలకు కూడా ఒక విన్నపం... చీర కింద థర్మల్ వేసుకుంటే ఎవరికీ కనిపించదమ్మా!

ఇదంతా డబ్బున్నవాళ్ల గోల అనుకోవద్దు. నిజానికి చలి ముందుగా పట్టేది కారు లేని విద్యార్థులను, రాత్రి షిఫ్టు ముగించి బస్టాపులో నిలబడేవాళ్లను. వాళ్లకు బ్రాండు కోటు అక్కర్లేదు. రెండు జతల థర్మల్స్, ఒక ఫ్లీస్, వాడిన సామాన్లమ్మే షాపులో దొరికే ఒక మంచి షెల్ చాలు. మూడూ కలిపి ఒక్క బ్రాండు కోటు ధరలో సగం కూడా కావు.

మన సంఘాలు ఆగస్టులో విద్యార్థులకు స్వాగతం చెప్తూ ఇడ్లీ, సాంబారు పెడతాయి. సంతోషం. అదే రోజు చలి గురించి పావుగంట చెప్పి, ఇళ్లలో మూలపడ్డ జాకెట్లు పంచితే ఇంకా మేలు. ఎదిగిన పిల్లల కోట్లు ఎన్ని అల్మరాల్లో ఊరికే వేలాడుతున్నాయో మనకు తెలియదా? ఈ వారాంతం ఒకసారి తలుపు తీసి చూడండి.