చెట్టుకి అద్దం కట్టిన అన్నలూ, నా మూన్‌కేకులూ

సింగపూర్‌లో కొన్నాళ్ళు పనిచేసిన తెలుగు సాఫ్ట్‌వేర్ జీవి ఎవరినైనా అడిగి చూడండి. సెప్టెంబరు వచ్చిందంటే చాలు, ఆఫీసు టేబుళ్ళ మీద ఎర్రవీ బంగారు రంగువీ పెట్టెలు ప్రత్యక్షమవుతాయి. వెండర్లు ఇస్తారు, బ్యాంకులవాళ్ళు ఇస్తారు, మేనేజరు ఇస్తాడు. ఇంత పెట్టెలో నాలుగే నాలుగు మూన్‌కేకులు. మనవాళ్ళు ఒకటి కొరికి, మధ్యలో ఉప్పులో ఊరిన బాతుగుడ్డు సొన తగలగానే మొహం అదోలా పెట్టి, మిగతా మూడూ పక్క టేబులు వాడి మీదకి తోసేస్తారు. పెట్టె మాత్రం దాచుకుంటారు. (మా ఇంట్లో ఇప్పటికీ పోపుగింజలు ఒకదాంట్లో, పాత ఛార్జర్లు ఇంకోదాంట్లో ఉన్నాయి.)

ఈ కేకుల గొడవ మన ఫీల్డుకి మరీ దూరం కూడా కాదు. 2016 సెప్టెంబరులో అలీబాబా తన ఉద్యోగులకి మూన్‌కేకులు అమ్మకానికి పెడితే, నలుగురు ఇంజనీర్లు స్క్రిప్టు రాసి 124 పెట్టెలు నొక్కేశారు. కంపెనీ ఆ నలుగుర్నీ ఇంటికి పంపేసింది. కేకు కోసం ఉద్యోగం పోగొట్టుకున్న వీరులు! ఇక చైనా ప్రభుత్వమైతే 2022లో, 500 యువాన్లు దాటిన పెట్టెల మీద కన్నేసి ఉంచుతామనీ, ప్యాకింగు మూడు పొరలు మించకూడదనీ రూలు పెట్టాల్సొచ్చింది. పండగ కాస్తా అట్టపెట్టెల పండగైపోయిందన్నమాట.

నేనూ ఆ పెట్టెలు దాచుకునే బాపతే. ఓసారి మా పక్క ఫ్లాటు చైనీస్ ఆంటీ (అక్కడ పెద్దావిడ ఎవరైనా ఆంటీయే) ఒక ప్లేట్లో నాలుగు ముక్కలు పెట్టిచ్చింది, ఇంట్లో చేసినవి. నిజంగా బాగున్నాయి. నేను మన అలవాటు కొద్దీ "ఎంతైనా ఇంట్లో చేసిన దాని రుచే వేరు ఆంటీ" అన్నాను. ఆవిడ నన్ను పైనుంచి కిందకి చూసి, "అయితే వచ్చే ఆదివారం రా. చేతులు కడుక్కుని రా" అంది.

వెళ్ళాను. అక్కడ నాకో ప్రొడక్షన్ లైను కనిపించింది. అంకుల్ త్రాసు పెట్టుకుని పిండీ, తామరగింజల పూర్ణం తూస్తున్నాడు. పెద్ద కొడుకు పిండితో పూర్ణాన్ని చుడుతున్నాడు. చిన్నాడు చెక్క అచ్చులో నొక్కి, బల్ల అంచుకేసి ఠక్కున కొట్టి బయటికి తీస్తున్నాడు (అచ్చు అచ్చంగా మన కజ్జికాయల చెక్క చుట్టంలా ఉంది). ఆంటీ ఓవెన్ దగ్గర నిలబడి అందర్నీ తిడుతోంది. నాకు ఇచ్చిన పని ఉండలు చెయ్యడం. ఆరు గంటలు చేశాను. నడుం పడిపోయింది.

అక్కడందరూ ఇలాగే చేసుకుంటారనుకునేరు, లేదు. ఎక్కువమంది కొనుక్కుంటారు, హాయిగా. ఈ ఇంట్లో మాత్రం ఆంటీ రూలొకటుంది. తినాలంటే బల్ల దగ్గరికి రావాలి. రానివాళ్ళకి కొట్టుంది.

ఆ పనిలో ఎంత సంగతి ఉందో అప్పుడు తెలిసింది. పంచదార పాకంలో నిమ్మరసం పిండి సన్నసెగన తేనెరంగు వచ్చేదాకా కాస్తారు. ఆ పులుపు వల్ల పంచదార విడిపోయి, చల్లారినా మళ్ళీ పలుకు కట్టదు. అందుకే పైపిండి మెత్తగా సాగుతుంది. 100 గ్రాముల మైదాకి ఈ పాకం 70 గ్రాముల దాకా, నూనె 25 నుంచి 30, క్షారపు నీళ్ళు అర చెంచా. ఆ క్షారం పాకంలోని పులుపుని విరుస్తుంది, రంగునీ తెస్తుంది. చెయ్యి తిరిగినవాళ్ళు మూడు పాళ్ళ పిండితో ఏడు పాళ్ళ పూర్ణాన్ని చుడతారు. నాలాంటివాళ్ళకి నాలుగు, ఆరు. ఓవెన్‌లోంచి తీసిన రోజు కేకు చెక్కలా ఉంటుంది. రెండు మూడు రోజులు డబ్బాలో పెడితే లోపలి నూనె పైకి వచ్చి మెత్తబడి, అప్పుడు నిగనిగలాడుతుంది. వేడివేడిగా తినడానికి లేదు, ఆగాల్సిందే.

ఆ ఉండలు చేస్తున్నంతసేపూ నాకు మా అమ్మ గుర్తొస్తూనే ఉంది. ఏదో తియ్యటి జ్ఞాపకంగా కాదు, ముల్లు గుచ్చుకున్నట్టు.

మాది క్రోసూరు. అప్పట్లో గుంటూరు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి పల్నాడు జిల్లా. 2011 అక్టోబరులో మా అక్క అట్లతద్ది నోము ఉద్యాపన మా ఇంట్లోనే జరిగింది. నేను హైదరాబాదు నుంచి లాప్‌టాప్‌తో సహా దిగాను. మా ఇంటి లెక్క ప్రకారం పదకొండు మంది ముత్తయిదువలకి తలా పదకొండు అట్లు వాయనం. అంటే 121. ఒక్క పెనం. అట్టుకి రెండు నిమిషాలేసుకున్నా 242 నిమిషాలు, నాలుగు గంటల పైమాట. మన భాషలో చెప్పాలంటే సింగిల్ థ్రెడ్డు. ఆ థ్రెడ్డు మా అమ్మ. తెల్లారుజామున నాలుగు ముద్దలు తిన్నదే, తర్వాత మంచినీళ్ళు కూడా లేవు. అప్పటికే ఆరేళ్ళుగా షుగరుంది ఆవిడకి.

మరి నేనేం చేశాను? ఫోటో తీశాను. "అమ్మ చేతి అట్లు, ఏ స్టార్ హోటల్లో దొరుకుతాయి ఇవి" అని ఫేస్‌బుక్‌లో పెట్టాను. లైకులు బ్రహ్మాండంగా వచ్చాయి. ఎనభయ్యో అట్టు దగ్గర కాబోలు, అమ్మ అట్లకాడ పక్కన పడేసి గోడకి చేరగిలబడింది. చెమటలు. పక్కింటి పిన్ని వచ్చి మిగతావి పోసింది. ఆ టైములో నేను నిజంగానే ఒక ప్రొడక్షన్ ఇష్యూ మీద కాల్‌లో ఉన్నాను. కానీ ఆ సాకు నాకే నచ్చదు ఇప్పుడు.

అసలు కథ సాయంత్రం. మబ్బు. చంద్రుడు వచ్చేదాకా ఉపవాసం విడవకూడదు. ఏడున్నర అయింది, ఎనిమిది దాటింది. అమ్మ మొహం చూడలేక నేను డాబా మీదకెళ్ళి ఓ నిమిషం నిలబడి, దిగొచ్చి, "వచ్చాడమ్మా, ఇప్పుడే మబ్బు పక్కకి జరిగింది, మళ్ళీ మూసుకుంది" అని పచ్చి అబద్ధం ఆడాను. పూజ మొదలైంది. అందరూ అక్షింతలు చేతిలో పట్టుకున్నాక ఒక పెద్దావిడ కథ చెప్పింది.

ఆ కథ చాలామందికి తెలిసిందే. రాజుగారి కూతురు అట్లతద్ది నోము పట్టి, ఉపవాసంతో సొమ్మసిల్లిపోతుంది. చెల్లెలి బాధ చూడలేక అన్నలు దూరాన మంటేసి, చెట్టుకి అద్దం కట్టి, అదిగో చంద్రుడొచ్చాడు తినమ్మా అంటారు. పిల్ల నమ్మి తింటుంది. నోము చెడుతుంది. ఇంకేముంది, అన్నీ ముసలి మొగుళ్ళ సంబంధాలే వస్తాయి. చిన్నప్పట్నుంచీ విన్న కథే. ఆ రోజు మాత్రం అద్దం మాట రాగానే అమ్మ తలెత్తి నా వంక చూసింది. ఏమీ అనలేదు.

ఇప్పుడు నాకు తోచేదేంటంటే, ఆ అన్నలు చెడ్డవాళ్ళు కాదు. చెల్లెలంటే ప్రాణం. నిప్పు రాజేశారు, చెట్టెక్కారు, అద్దం మోశారు, బోలెడంత కష్టపడ్డారు. పొయ్యి దగ్గర కూర్చుని నాలుగు అట్లు పొయ్యడం తప్ప అన్నీ చేశారు! మనం కూడా అంతే. అమ్మకి మిక్సీ కొంటాం, వెట్ గ్రైండర్ కొంటాం, నాన్‌స్టిక్ పెనం కొంటాం, వీడియో కాల్‌లో అట్లు చూసి "అబ్బ, ఆ వాసన ఇక్కడికొచ్చిందమ్మా" అంటాం. ఇవన్నీ చెట్టుకి కట్టిన అద్దాలే.

దీనికి మా స్నేహితుడొకడు అడ్డం తిరిగాడు. "వాళ్ళకిష్టమై చేసుకుంటున్నారు, నీకెందుకు బాధ? ఆ వంటిల్లు వాళ్ళ రాజ్యం" అన్నాడు. కొంత నిజమే, ఒప్పుకుంటా. మా అమ్మ కూడా నన్ను పెనం దగ్గరికి రానివ్వడానికి నానా గొడవా చేసింది, చెప్తాను. కానీ ఇష్టమా కాదా అన్నది తేలాలంటే, మానేసే వీలు ఉండాలి కదా. మానేస్తే ఆవిడకి పడే మాట ఒకటుంది. నేను మానేస్తే నాకేం పడదు. అట్లతద్ది పూర్వం ఆడపిల్లలు గోరింటాకు పెట్టుకుని, తెల్లారకముందే తిని, ఉయ్యాలలూగి ఆడుకునే పండగంటారు. ఆడుకున్న పిల్లలందరూ పెళ్ళయ్యాక పెనం ముందుకే వచ్చారు మరి.

ఇంకో సంగతి. కొనుక్కోవడం తప్పని నేననను. పూతరేకులు చూడండి. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి జీఐ గుర్తింపు వచ్చింది. ఆ కుండ మీద రేకులు తీసేది ఆడవాళ్ళే, ఇళ్ళల్లోనే, కాకపోతే కూలీకి. అదీ ఇంట్లో చేసిందే, దానికో ధర ఉంది. ధర లేకుండా, చెయ్యి కలపకుండా, "ఇంట్లో చేసిందే కావాలి" అనే నాలుక మీదే నాకు కోపం. అది నా నాలుకే కాబట్టి ధైర్యంగా తిడుతున్నా :)

సరే, 2025కి వద్దాం. ఆ ఏడాది క్యాలెండర్ ఓ తమాషా చేసింది. చైనా వాళ్ళ పండగ ఎనిమిదో నెల పున్నమికి. వాళ్ళదీ మనదీ ఒకటే అల్గారిదం. నెలలు చంద్రుడివి, సూర్యుడితో తేడా వస్తే అధికమాసం వేసి సర్దుతారు. కాకపోతే మనం నిరయనంలో, వాళ్ళు సాయనంలో లెక్కేస్తారు కాబట్టి అధికమాసం పడే చోటు మారుతుంది. 2024లో వాళ్ళ పండగ సెప్టెంబరు 17న వస్తే, మూడ్రోజులకి మన ఉండ్రాళ్ళతద్ది. 2025లో వాళ్ళకి ఆరో నెల అధికమైంది, మనకి అధికమాసం 2026 దాకా లేదు. దాంతో వాళ్ళ పండగ జరిగి అక్టోబరు 6న, మన ఆశ్వయుజ పున్నమి మీద పడింది. అట్లతద్ది 9న. మూన్‌కేకు మెత్తబడటానికి పట్టేది కూడా సరిగ్గా మూడు రోజులే!

ఇంకేం, చిన్న ఓవెన్ కార్లో పడేసుకుని, ఆంటీ ఇచ్చిన అచ్చు పట్టుకుని, సత్తెనపల్లి మీదుగా ఊరు చేరాను. "ఏందిరా ఈ సామాను, కాపురం పెడతన్నావా?" అంది అమ్మ. తామరగింజలు ఎక్కడ తెస్తాం, శనగపప్పూ బెల్లంతో పూర్ణం చేశాను. నోమున్న ఇల్లు కాబట్టి గుడ్డు వద్దంది, పైన పాలు రాశాను. చంద్రుడు లేని మూన్‌కేకన్నమాట. మొదటి వాయి ఘోరం. పూర్ణంలో తడి ఉండిపోయి కేకులన్నీ నెర్రెలిచ్చాయి, అచ్చులో పువ్వు కాస్తా చిక్కుడాకులా సాగింది. రెండో వాయికి పూర్ణాన్ని బాండీలో ఇంకో అరగంట గట్టిగా తిప్పాను. భుజం లాగింది గానీ నిలిచాయి. నాన్న తూకం చూశాడు. డెబ్బయ్యేళ్ళు దాటిన మనిషి వంటింట్లో పీట వేసుకుని కూర్చోవడం నాకు తెలిసి అదే మొదలు. గ్రాము తేడా వచ్చినా ఊరుకోడే, పత్తి కాటా దగ్గర కూర్చున్నట్టు!

9వ తారీకున అట్లు. ఇక్కడ పెద్ద యుద్ధం. "మగాళ్ళు పోస్తే నోము చెల్లుద్దా? ఊళ్ళో ఏమంటారు?" అమ్మ బాధ అది. అక్క ఫోన్లోంచి నా తరఫున వాదించింది. చివరికి ఒప్పందమేంటంటే, గౌరమ్మకి పెట్టే పదకొండూ అమ్మ పోస్తుంది, మిగతావి నేను. పిండి నేనే రుబ్బాను. నా మొదటి అట్టు చూసి, "ఇది అట్టు కాదురా, ఆంధ్రా మ్యాపు" అంది. "అదీ పాతది, తెలంగాణాతో కలిపి" అన్నాడు నాన్న పక్క గదిలోంచి. పదో అట్టుకి గుండ్రం వచ్చింది. ఇరవయ్యో అట్టు దగ్గర నా కాళ్ళు లాగడం మొదలెట్టాయి. నేను పొద్దున ఇడ్లీలు తిని ఉన్నాను, మధ్యలో రెండు టీలు పడ్డాయి. నాకు షుగరు లేదు. 2011 నాటి ఎనభై ఎంతో, నాకు అప్పుడు కాళ్ళతో అర్థమైంది.

మధ్యాహ్నం ఆవిడ చాప మీద నడుం వాల్చింది. అట్లతద్ది నాడు పగటిపూట అమ్మ పడుకోవడం ఎప్పుడూ చూళ్ళేదు. ఉపవాసం మానమని నేను చెప్పలేదు, చెప్పినా వినదు. డాక్టరుకి ఫోన్ చేసి మాత్రల సంగతి కనుక్కుని, మజ్జిగ తాగేదానికి మాత్రం ఒప్పించాను. అది గౌరమ్మకీ ఆవిడకీ మధ్య వ్యవహారం.

సాయంత్రం డబ్బా మూత తీస్తే కేకులు నిగనిగలాడుతూ మెత్తగా ఉన్నాయి. పూజ అన్నీ సర్దాం. మళ్ళీ మబ్బే. ఎనిమిది కావస్తోంది. నేను అలవాటుగా, "ఉండమ్మా, డాబా ఎక్కి చూసొస్తా" అని లేచాను.

"నువ్వు కూచో నాయనా" అని, మోకాళ్ళు పట్టుకుని, అమ్మే మెట్లెక్కింది.