నియమం – నిర్భయం

విద్యాలయంలో నియమం అనగానే చాలామంది విద్యార్థులకు మొదట స్ఫురించేది నిషేధం. ఇంత శాతం హాజరు ఉండాలి, ఈ గడువులోగా రుసుము చెల్లించాలి, ఈ వేళకు వసతిగృహం చేరాలి అన్న ఆజ్ఞలే వారికి పరిచయం. అందువల్ల నియమావళి అంటే పెద్దలు పిన్నల కాళ్లకు వేసిన సంకెల అన్న భావం నాటుకొని పోయింది. అయితే నియమానికి మరొక ముఖం ఉన్నది. బలవంతునికి తన బలమే చాలు; నియమంతో అతనికి పని లేదు. నియమం కావలసింది బలహీనునికి. అతనికి అది కవచం.

పత్తి, మిరప పండించే గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులకు ఈ సత్యం అనుభవం మీద తెలిసినదే. భారత పత్తి సంస్థ మద్దతు ధరకు పత్తి కొనేటప్పుడు తేమను కొలుస్తుంది. తేమ 8 శాతానికి మించకుంటే పూర్తి ధర లభిస్తుంది. అది 12 శాతం వరకు పెరిగే కొద్దీ ధర తగ్గుతుంది. అంతకు మించితే ఆ పత్తిని కొనరు. ఈ సంగతి తెలిసిన రైతు పత్తిని ఆరబెట్టి తెస్తాడు. తేమ కొలతను, తూకాన్ని దగ్గర నిలబడి చూస్తాడు. తేడా వస్తే అడుగుతాడు. తెలియని రైతు దళారి చెప్పిన ధరకు తల ఊపి వెళతాడు. ఇద్దరికీ నియమం ఒక్కటే. తెలిసినవానికి మాత్రమే అది అండగా నిలిచింది. గుంటూరు మిరప యార్డులో కాటా ముందు నిలిచే రైతుకైనా ఈ మాట వర్తిస్తుంది.

ఆ రైతుల బిడ్డలు, కూలీల బిడ్డలు ఉన్నత విద్య కోసం ఆశ్రయించే చోటు ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం. 1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి స్నాతకోత్తర కేంద్రంగా గుంటూరులో మొదలైన సంస్థ 1976లో స్వతంత్ర విశ్వవిద్యాలయమైంది; 2004లో నేటి పేరు పొందింది. 2022లో ఒంగోలులో ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఇటువంటి సంస్థలలో చేరేవారిలో తమ ఇంటి నుండి మొదటిసారిగా కళాశాల గడప తొక్కినవారు ఎందరో ఉంటారు. ఆపద వస్తే ఎవరిని అడగాలో, ఏ కార్యాలయానికి వెళ్లాలో చెప్పగల అన్నగాని అక్కగాని వారి ఇంట ఉండరు. అటువంటి విద్యార్థికి నియమావళే ఇంటి పెద్ద కావాలి.

అది ఇంటి పెద్ద కాగలిగిందా అన్నది ర్యాగింగ్ విషయంలో పరీక్షకు నిలిచింది. ర్యాగింగ్‌ను నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ 1997లోనే చట్టం చేసింది. తోటి విద్యార్థికి అవమానం, భయం, బెదిరింపు కలిగించే చర్యలన్నీ దాని పరిధిలోకి వస్తాయి. ఫిర్యాదు అందినప్పుడు చర్య తీసుకోని విద్యాసంస్థ అధిపతి సైతం ఆ నేరానికి తోడ్పడినట్లే భావించాలని ఆ చట్టం నిర్దేశించింది. 2009లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం దేశమంతటికీ వర్తించే నిబంధనలు తెచ్చింది. ప్రతి సంస్థలో ర్యాగింగ్ నిరోధక సంఘం, ఆకస్మిక తనిఖీలు చేసే దళం ఉండాలి. విద్యార్థి, అతని తల్లిదండ్రులు ప్రతిజ్ఞాపత్రాలు ఇవ్వాలి. మొదటి మూడు నెలల పాటు పక్షానికి ఒకసారి కొత్త విద్యార్థుల అభిప్రాయాలను వారి పేర్లు అడగకుండా సేకరించాలి. ఫిర్యాదు కోసం దేశవ్యాప్తంగా ఒక ఉచిత ఫోను సౌకర్యం కూడా ఏర్పడింది. కాగితం మీద చూస్తే రక్షణకు లోటు లేదు.

అయినా 2015 జులైలో నాగార్జున విశ్వవిద్యాలయ వసతిగృహంలో ఒక విద్యార్థిని, తోటివారి వల్ల కలిగిన వేదనను లేఖలో రాసి, ఆత్మహత్యకు పాల్పడింది. రాష్ట్రమంతా కలత చెందింది. ప్రభుత్వం విచారణ సంఘాన్ని నియమించింది. కేసు న్యాయస్థానానికి వెళ్లింది. నేరారోపణ రుజువు కాలేదని 2024లో గుంటూరు న్యాయస్థానం దానిని కొట్టివేసింది. ఎవరు దోషులు, ఎవరు కారు అన్నది తేల్చవలసింది న్యాయస్థానమే. అయితే ఈ ఉదంతంలో విద్యాలోకం గ్రహించవలసిన పాఠం వేరొకటి ఉన్నది. చట్టం సంఘటన జరిగిన తరువాత సాక్ష్యం వెదుకుతుంది. నియమం సంఘటన జరగకముందే మేలుకొని ఉండాలి. మొదటి కన్నీటి చుక్కనాడే వినే చెవి ఒకటి ఆవరణలో ఉంటే, కథ న్యాయస్థానం దాకా రావలసిన అగత్యం ఉండదు.

ఇన్ని నియమాలు ఉండి కూడా అవి విద్యార్థి చెంతకు ఎందుకు చేరవు? దానికి ఒక ప్రధాన కారణం భాష. పల్లెలో తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థికి, అక్షరం రాని అతని తల్లికి ఆంగ్లంలో ఉన్న ప్రతిజ్ఞాపత్రం ఇచ్చి సంతకం చేయమంటే వారు చేస్తారు. దానిలో ఏమున్నదో వారికి తెలియదు. అర్థం కాని కాగితం మీద చేసిన సంతకం ప్రతిజ్ఞ కాజాలదు. ఆ పత్రం విద్యార్థికి తెలిసిన ప్రాంతీయ భాషలో కూడా ఉండవచ్చునని 2009 నాటి నిబంధనలే చెబుతున్నాయి. ఆ వెసులుబాటును వినియోగించుకోవడమే తరువాయి. 2023లో నిధుల సంఘం విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కారానికి మరికొన్ని నిబంధనలు చేసింది. ఫిర్యాదుల సంఘం 15 పనిదినాలలో నివేదిక ఇవ్వాలి. దానితో తృప్తి చెందని విద్యార్థి, విశ్వవిద్యాలయం నియమించిన అంబుడ్స్‌పర్సన్‌కు విన్నవించుకోవచ్చు. ఈ హక్కు ఉన్నదని తెలియని విద్యార్థికి అది లేనట్లే.

నియమాలు పెరిగితే స్వేచ్ఛ తరిగిపోతుందని కొందరు వాదిస్తారు. ఆ వాదంలో కొంత నిజం లేకపోలేదు. విద్యార్థినుల వసతిగృహానికి ఒక వేళ, విద్యార్థుల వసతిగృహానికి మరొక వేళ అన్నప్పుడు, రక్షణ పేరిట వివక్ష ప్రవేశిస్తుంది. అటువంటి నియమాన్ని ప్రశ్నించడం విద్యార్థి ధర్మం. కాని చెడ్డ నియమానికి మందు మంచి నియమమే; నియమం లేకపోవడం మందు కాదు. నియమం లేని చోట స్వేచ్ఛ అందరికీ సమానంగా దక్కదు. అది ముందు వచ్చినవారికి, కండ గలవారికి, పలుకుబడి గలవారికి దక్కుతుంది. కొత్తగా వచ్చినవాడు మౌనం వహిస్తాడు. ఏ నియమం మంచిదో తేల్చడానికి ఒక సులభమైన కొలమానం ఉన్నది. ఆవరణలో అందరికంటె నిస్సహాయుడైన విద్యార్థికి అది మేలు చేస్తున్నదా అని అడిగితే చాలు.

కాబట్టి విశ్వవిద్యాలయాలు చేయవలసిన పని పెద్ద ఖర్చుతో కూడినది కాదు. నియమావళిని సరళమైన తెలుగులో అచ్చు వేసి, చేరిన నాడే ప్రతి విద్యార్థి చేతికి ఇవ్వాలి. తల్లిదండ్రుల సమక్షంలో దానిని చదివి వినిపించాలి. ఫిర్యాదు వినవలసిన వ్యక్తి పేరు, ఫోను సంఖ్య ప్రతి వసతిగృహం గోడ మీద ఉండాలి. వచ్చిన ఫిర్యాదులెన్ని, పరిష్కరించినవెన్ని అన్నది ఏటా ప్రకటించాలి. విద్యార్థుల బాధ్యత కూడా తక్కువది కాదు. రేపు విశ్వవిద్యాలయంలో అడుగు పెట్టబోయే ప్రతి విద్యార్థీ తన నియమాలను తాను చదువుకోవాలి. ఆ తరువాతి ఏడు వచ్చే తమ్మునికి, చెల్లెలికి వాటిని తానే చెప్పాలి. కొత్తవారిని భయపెట్టే సీనియరు కన్న, వారి హక్కులను వారికి తెలియజెప్పే సీనియరు విద్యాలయానికి నిజమైన అలంకారం. తూకం తెలిసిన రైతు మోసపోడు. నియమం తెలిసిన విద్యార్థి భయపడడు.