వెబినార్ల కాకిలెక్కలు

వెబినార్ అంటే ఇంటర్నెట్‌లో జరిగే సభ. మాట్లాడేవారు ఒకరో ఇద్దరో ఉంటారు, వినేవారు పదుల నుంచి వేల దాకా ఉంటారు. సరుకు అమ్మడానికి, అమ్మిన సరుకును వాడటం నేర్పడానికి, కొనబోయేవారి సందేహాలు తీర్చడానికి సంస్థలు దీన్ని నడుపుతాయి. కొవిడ్‌కు ముందు ఇది ఎక్కువగా సాఫ్ట్‌వేర్ కంపెనీల వ్యవహారం. 2020 తరువాత అమీర్‌పేట శిక్షణ సంస్థలు, విదేశీ చదువుల కన్సల్టెన్సీలు, అమెరికాలోని తెలుగువారికి ప్లాట్లు అమ్మే రియల్ ఎస్టేట్ సంస్థలు, షేర్ ట్రేడింగ్ నేర్పుతామనేవారు అందరూ ఇందులోకి దిగారు. వారితోపాటు ఒక నమ్మకమూ స్థిరపడిపోయింది. ఎంత ఎక్కువమంది రిజిస్టర్ చేసుకుంటే వెబినార్ అంత విజయవంతమైనట్టట. మార్కెటింగ్ సమీక్షల్లో మొదటి స్లైడ్ మీద పెద్ద అక్షరాల్లో కనిపించేది ఆ అంకే. ఈమధ్య దాన్ని చూపించి బడ్జెట్ రెట్టింపు చేయమని అడగడం కూడా మామూలైపోయింది. ఇది తప్పుడు కొలత. అక్కడితో ఆగినా బాగుండేది. ఇది వ్యాపారాన్ని నిలువునా ముంచే కొలత.

రిజిస్ట్రేషన్‌కు అవసరమైనది ఒక పేరు, ఒక ఈమెయిల్, ఒక ఫోన్ నంబరు. ఆ ఫారం నింపినవారికి పైసా ఖర్చు లేదు, రావాలన్న నిర్బంధం లేదు. ఫోన్‌లో ప్రకటన కనిపించింది, ఉచితం అని ఉంది, వేలు తగిలింది. అంతమాత్రాన ఆ మనిషికి ఆ సరుకు అవసరమనీ, కొనే స్తోమత ఉందనీ, ఇంట్లో ఆ నిర్ణయం తీసుకునేది అతనేననీ తేలదు. ఈ మూడింటిలో ఒక్కటీ చెప్పలేని అంకెను పట్టుకుని వ్యాపారం పెరిగిందనడం లెక్కల పేరుతో జరిగే దగా.

ఒక శిక్షణ సంస్థను ఊహించుకుందాం. ఉచిత వెబినార్‌కు 1,200 మంది రిజిస్టర్ చేసుకున్నారు. ఒక్కో రిజిస్ట్రేషన్‌కు ప్రకటనల ఖర్చు 100 రూపాయల చొప్పున 1,20,000 అయింది. సాఫ్ట్‌వేర్‌కు, సిబ్బందికి, తరువాతి ఫోన్లకు మరో 60,000. ఆ సమయానికి చేరినవారు 380 మంది, చివరిదాకా ఉన్నవారు 140 మంది, ఫీజు కట్టినవారు ఆరుగురు. కోర్సు ఫీజు 25,000. అంటే చేతికొచ్చింది 1,50,000, పోయింది 1,80,000. నివేదికలో మాత్రం ‘రిజిస్ట్రేషన్‌కు 150 రూపాయలే’ అని ఉంటుంది. ఫీజు కట్టిన ఒక్కో విద్యార్థికి 30,000 ఖర్చయిందన్న సంగతి ఏ స్లైడ్ మీదా ఉండదు. అదే సంస్థ, పాత విద్యార్థులు పంపిన 90 మందికి 30,000 ఖర్చుతో ఇంకో వెబినార్ పెట్టి ఐదుగురిని చేర్చుకుంటే ఒక్కొక్కరికి ఖర్చు 6,000. అయినా సమీక్షలో మొదటిది ఘనవిజయం, రెండోది చిన్న ప్రయత్నం! ఈ తలకిందుల తీర్పు పొరపాటున వచ్చింది కాదు. రిజిస్ట్రేషన్ల టార్గెట్ పెట్టి, దాన్ని బట్టే జీతం పెంచే ప్రతిచోటా ఇదే జరుగుతుంది.

దీన్ని సమర్థించేవారు చెప్పేది ఒకే మాట: ‘కొనకపోయినా బ్రాండ్ పేరు జనంలోకి వెళ్తుంది కదా.’ వెళ్తే ఆ సంగతీ కొలవాలి. ఆ పేరుతో నేరుగా వెతికేవారు పెరిగారా, తెలిసినవారు చెబితే వచ్చామనేవారు పెరిగారా అని చూడాలి. అది చూడకుండా బ్రాండ్ అనే మాటను అడ్డుపెట్టుకోవడం జవాబు చెప్పకుండా తప్పించుకోవడమే.

అంకెలతో మభ్యపెట్టే అలవాటు పెద్ద సంస్థల్లోనూ ఉంది. ఇంటింటా వెబినార్లకు వేదికైన జూమ్ కంపెనీయే 2020 ఏప్రిల్‌లో తనకు రోజుకు 30 కోట్లమంది వినియోగదారులున్నారని రాసుకుంది. పత్రికలవారు ఎత్తిచూపాక ఆ మాటను సమావేశాల్లో పాల్గొన్నవారి సంఖ్యగా దిద్దుకుంది. ఒక మనిషి రోజులో ఐదు సమావేశాలకు హాజరైతే ఐదుగురుగా లెక్కకొస్తాడు. మనుషుల్ని లెక్కపెట్టడం వేరు, హాజరు వేయడం వేరు. ఫేస్‌బుక్ వ్యవహారం ఇంతకన్నా ఘోరం. ఒక్కో వీడియోను జనం సగటున ఎంతసేపు చూస్తున్నారో చెప్పే లెక్కలో, మూడు సెకన్లలోపే వదిలేసినవారిని పక్కన పెట్టేశామని 2016లో ఆ సంస్థే ఒప్పుకుంది. ఆ సగటును నమ్మి ప్రకటనలిచ్చినవారు కోర్టుకెక్కితే, 2019లో 4 కోట్ల డాలర్లు చెల్లించడానికి రాజీపడింది. డ్యాష్‌బోర్డ్‌లో కనిపించిన ప్రతి అంకెనూ వేదవాక్కుగా తీసుకునేవారు ఈ రెండు ఉదంతాలనూ గుర్తుంచుకోవాలి. ఆహ్వానపు ఈమెయిల్‌ను ఎంతమంది తెరిచారన్న అంకె పరిస్థితీ అంతే. 2021లో ఆపిల్ తెచ్చిన మెయిల్ గోప్యత ఏర్పాటు, మనిషి తెరవకపోయినా ఉత్తరంలోని బొమ్మల్ని ముందే దించేస్తుంది. పంపినవారికి అది తెరిచినట్టే కనిపిస్తుంది. దాన్ని ఇంకా మొదటి వరుసలో చూపించేవారి నివేదికను పక్కన పడేయవచ్చు.

ఒక అంకెను లక్ష్యంగా పెట్టగానే ఆ అంకె నిజం చెప్పడం మానేస్తుందని బ్రిటిష్ ఆర్థికవేత్త ఛార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో ద్రవ్యవిధానం సందర్భంలో గుర్తించిన సూత్రం నుంచి తేలుతుంది. రిజిస్ట్రేషన్ల వేట ఆ సూత్రానికి కళ్లముందున్న రుజువు. వెబినార్ పేజీ తెరిస్తే ఎర్ర అక్షరాల్లో గడియారం వెనక్కి నడుస్తుంటుంది. ‘ఇంకా 7 సీట్లే’ అని పక్కనే ఉంటుంది. పేజీని మూసి మళ్లీ తెరిస్తే గడియారం మొదటికొస్తుంది, సీట్లు ఏడే ఉంటాయి. వేలమంది కూర్చోగల ఆన్‌లైన్ సభలో ఏడు సీట్లేమిటి? ఇది మార్కెటింగ్ నైపుణ్యం కాదు, పచ్చి అబద్ధం. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో విడుదల చేసిన మార్గదర్శకాలు వినియోగదారుణ్ని మోసగించే 13 పద్ధతుల్ని పేర్కొన్నాయి. లేని తొందరను సృష్టించడం ఆ జాబితాలో మొట్టమొదటిది. చట్టం తప్పన్న పనిని ‘గ్రోత్’ అని పిలిచి బహుమతులిచ్చుకోవడం సిగ్గుచేటు.

అంతటితో అయిపోలేదు. ‘లైవ్’ అని చెప్పి ఎప్పుడో రికార్డు చేసిన వీడియో నడపడం ఇప్పుడు మామూలైంది. పక్కనున్న చాట్‌లో ‘సూపర్ సర్’, ‘నేను ఇప్పుడే చేరాను’ అన్న మాటలు ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి. మర్నాడు అదే వెబినార్‌లో, అదే నిమిషానికి, అవే పేర్లతో, అవే మాటలు. చూసేవాడు ప్రశ్న రాస్తే జవాబు రాదు, ఎందుకంటే అవతల మనిషే లేడు. ప్రశ్న అడిగే వీలుందనే కదా జనం వీడియో వదిలి వెబినార్‌కు వచ్చేది. ఆ ఒక్క సుగుణాన్నీ చంపేసి, హాజరు సంఖ్యను కాపాడుకోవడం ఏ రకం వ్యాపారం?

ఆ తరువాతి ఘట్టం టెలీకాలర్ల షీటులో కనిపిస్తుంది. వరసగా పేర్లు, నంబర్లు, వాటికెదురుగా రిమార్కులు. ఆర్‌ఎన్‌ఆర్, ఆర్‌ఎన్‌ఆర్, స్విచాఫ్, మళ్లీ చేయండి, ఆసక్తి లేదు, ఆర్‌ఎన్‌ఆర్. ఆర్‌ఎన్‌ఆర్ అంటే రింగైనా ఎత్తలేదని అర్థం. రోజంతా ఈ నంబర్లు తిప్పి తిట్లు తినేది చాలీచాలని జీతానికి పనిచేసే ఆడపిల్లలు, కొత్తగా డిగ్రీ ముగించిన కుర్రాళ్లు. లీడ్లు, అంటే కొనే అవకాశమున్నవారి వివరాలు, అందించామని మార్కెటింగ్ వారు చేతులు దులుపుకుంటారు, అమ్మలేదన్న నింద ఫోన్ పట్టుకున్నవారి మీద పడుతుంది. అవతలివైపు మనిషి సంగతి కూడా చూడాలి. ఒక గంట ఉపన్యాసం వినడానికని నంబరిచ్చినవాడికి నెలల తరబడి ఫోన్లు వస్తాయి. ఏ పనికని అడిగి సమాచారం తీసుకున్నారో ఆ పనికే వాడాలన్నది 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలోని మూలసూత్రం. వేల రిజిస్ట్రేషన్ల గురించి చెప్పుకునేవారిలో ఎందరు ఆ అనుమతిని విడిగా, స్పష్టంగా అడుగుతున్నారు?

ట్రేడింగ్ వెబినార్ల గురించి ఇక్కడ చెప్పకుండా ముందుకు వెళ్లకూడదు. ఆదివారం ఉదయం రెండు గంటల ఉచిత క్లాసు, చివర్లో ‘ఈ రోజుకే’ తగ్గింపు ధరకు కోర్సు. ఆ నిర్వాహకుల కొలతల్లో హాజరు గొప్పగా ఉంటుంది, అమ్మకమూ ఉంటుంది. నేర్చుకున్నవాడు ఏమయ్యాడన్న గడి మాత్రం ఉండదు. ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో చేయిపెట్టిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని సెబీ 2024 సెప్టెంబరులో లెక్క తేల్చింది. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలపైనే. కొన్నవాడు బాగుపడ్డాడా లేదా అన్నది లెక్కలోకి రాకపోతే అమ్మకాల అంకె కూడా అబద్ధమే చెబుతుంది.

అమీర్‌పేటలో పాత పద్ధతి ఇంతకన్నా నిజాయితీగా ఉండేది. మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ పరిసరాల్లోని సంస్థలు కొత్త బ్యాచ్‌కు ముందు ఉచిత డెమో పెట్టేవి. కుర్రాళ్లు రెండు మూడు చోట్ల డెమోలు విని, సీనియర్లను అడిగి, తమకు అర్థమయ్యేలా చెప్పినవారి దగ్గర ఫీజు కట్టేవారు. డెమోకు హాలు నిండినంత మాత్రాన బ్యాచ్ నిండినట్టు కాదని యజమానికి తెలుసు. ఫీజు రసీదులు ఎన్ని తెగాయో, వారం తరువాత క్లాసులో ఎందరు మిగిలారో అతను చూసేవాడు. డెమో ఇప్పుడు తెరమీదికి మారింది. ఆ రెండు లెక్కలూ అందులోకి రాకుండా దారిలోనే పోయాయి.

కొనుగోళ్లను లెక్కించేవారు కూడా ఒక పెద్ద తప్పు చేస్తున్నారు. వెబినార్‌కు వచ్చినవారిలో ఇంతమంది కొన్నారు కాబట్టి ఆ అమ్మకమంతా వెబినార్ పుణ్యమేనని రాసుకుంటారు. అమెరికాలో ఎంఎస్ చేయాలని ముందే నిశ్చయించుకుని, పరీక్షలు రాసి, బ్యాంకు రుణం మాట్లాడుకున్న విద్యార్థి నాలుగు కన్సల్టెన్సీల వెబినార్లు వింటాడు. అవి లేకపోయినా అతను ఎవరో ఒకరి దగ్గరికి వెళ్లేవాడే. కొనే ఉద్దేశం ఉన్నవాళ్లే వెబినార్‌కు వస్తారు. వెబినార్ వల్ల ఆ ఉద్దేశం పుట్టిందని, గట్టిపడిందని అనాలంటే రుజువు కావాలి.

రుజువు దొరికే పద్ధతి ఉంది. దగ్గరున్న 2,000 మంది పేర్లలో లాటరీ వేసినట్టు వెయ్యి మందిని ఏరి ఆహ్వానం పంపాలి, మిగతా వెయ్యికి పంపకూడదు. ఫోన్లు, తగ్గింపులు, మిగతా ప్రచారం రెండు గుంపులకూ ఒకేలా ఉండాలి. 90 రోజుల తరువాత రెండిటిలోనూ కొన్నవారిని లెక్కపెట్టాలి. ఆహ్వానం అందినవారిలో 30 మంది, అందనివారిలో 24 మంది కొన్నారనుకుంటే వెబినార్ తెచ్చింది ఆరే, ముప్పై కాదు. ఇక్కడ హాజరైనవారిని మాత్రమే విడదీసి చూడకూడదు, ఆహ్వానం వెళ్లిన వెయ్యి మందినీ కలిపే చూడాలి. ఆరు అనే తేడా యాదృచ్ఛికంగానూ రావచ్చు కనుక నాలుగైదు వెబినార్ల ఫలితాలు కలిపాకే ఒక మాట అనాలి. వెయ్యి మందిని పిలవకుండా వదులుకోవడానికి మార్కెటింగ్ విభాగాలు ఒప్పుకోవు. ఒప్పుకోకపోవడానికి అసలు కారణం నష్టమంటే ఉన్న భయం కాదు, ఆ ఆరు బయటపడుతుందన్న భయం.

ఇక లెక్కపెట్టవలసినవి ఎక్కువేమీ లేవు. ఒక్కో కొనుగోలుదారుకు మొత్తం ఖర్చు కావాలి, అందులో మాట్లాడినవారి సమయం, ఫోన్ల ఖర్చు కూడా కలపాలి. రిఫండ్లు తీసేశాక మిగిలిన ఆదాయం కావాలి. ఇప్పటికే కొన్నవారి కోసం పెట్టే వెబినార్లయితే కొలత మారుతుంది. సహాయ కేంద్రానికి వచ్చే ఫోన్లు తగ్గాయా, చందా మళ్లీ కట్టారా అన్నది చూడాలి. ఏ వ్యాపారానికి వీటిలో ఏది ముఖ్యమో ఆ వ్యాపారమే తేల్చుకోవాలి.

అంకెలకన్నా విలువైనది ఒకటుంది, అది ప్రశ్నల జాబితా. ‘వాయిదాల్లో కట్టొచ్చా?’, ‘క్లాసు తప్పితే రికార్డింగ్ ఇస్తారా?’, ‘లేఅవుట్‌కు రెరా నంబరు ఉందా?’ అని ఒకరు అడిగారంటే అడగకుండా వెళ్లిపోయినవారిలోనూ ఆ సందేహం ఉంటుంది. వెబినార్ ముగిసిన వెంటనే చాట్‌ను భద్రపరచి, ఒక్కో ప్రశ్న పక్కన అడిగినవారు చివరికి కొన్నారా లేదా అన్నది రాసుకుంటూ పోతే ధరలో, సరుకులో, చెప్పే తీరులో ఏది అడ్డుపడుతోందో కొద్ది నెలల్లో తేలుతుంది. ఆ ఫైలు మార్కెటింగ్ విభాగంలో ఆగిపోకుండా సరుకు తయారుచేసేవారి బల్లమీదికి, ధర నిర్ణయించేవారి బల్లమీదికి చేరాలి.